బార్డ్‌కి కరిష్మా 18, మాట్లాడేది మాత్రం కరిష్మా 8 ఫైటర్. ఎన్‌పీసీ సీన్లు ఎలా నడపాలి?

తెరవెనుక_డీఎం
ఐదుగురు ప్లేయర్లు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, ఎనిమిది నెలలుగా నడుస్తున్న క్యాంపెయిన్. కథ నడిపే డీఎం నేను. ఫైట్లు బాగానే వస్తున్నాయి. ఎన్‌పీసీతో, అంటే నేను ఆడించే పాత్రతో, మాట్లాడాల్సి వచ్చిందంటే మాత్రం నా టేబుల్ చతికిలబడుతోంది.

మొన్నటి సెషన్ చెప్తా. వంతెన దగ్గర కాపలా కెప్టెన్ ఉంది. రాత్రిపూట ఎవర్నీ దాటనివ్వకూడదని ఆమెకు ఆర్డర్. పార్టీ తెల్లారేలోపు దాటాలి. మా బార్డ్‌కి (పాటగాడి పాత్ర) కరిష్మా, అంటే మనుషుల్ని ఆకట్టుకునే శక్తి, 18. ఒప్పించే స్కిల్ పర్సుయేషన్‌లో ఎక్స్‌పర్టైజ్, అంటే అదనపు నైపుణ్యం. ఆడే అబ్బాయి మాత్రం నోరు విప్పడు, మనిషే అంత. "ఆమెని ఒప్పిస్తా" అని డైస్ వేశాడు. ఇరవై ముఖాల పాచికకి బోనస్ కలిపి మొత్తం 24. "ఏం చెప్పి ఒప్పిస్తావ్?" అన్నా. తల దించుకున్నాడు. ఈలోగా ఫైటర్ అందుకున్నాడు. పాత్ర వివరాలుండే షీట్ మీద కరిష్మా 8, బయట మాత్రం మాటల పుట్ట. పది నిమిషాలు కెప్టెన్‌తో వాదించి, చచ్చిపోయిన తమ్ముడి కథ ఒకటి అక్కడికక్కడే అల్లేశాడు. టేబులంతా చప్పట్లు. నాకే గొంతు పట్టేసింది. రోల్ (డైస్ వేయడం) కూడా అడక్కుండా గేటు తెరిచేశా.

సెషన్ అయ్యాక బార్డ్ దగ్గర్నుంచి ఒకే ఒక్క మెసేజ్: "మరి నా 24 ఏమైంది?"

నా దగ్గర జవాబు లేదు. రోల్ చాలు అంటే ప్రతి సీనూ లిఫ్ట్ బటన్ నొక్కినట్టే ఉంటోంది. మాట్లాడి తీరాలి అంటే ఆ అబ్బాయి షీట్ దండగ. మీరెలా చేస్తున్నారు?

ఒకటే_పడింది
నాకు 24 పడితే ఆ డైస్‌కి ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలిస్తా.

ఇరవై_ముఖాలు
ఇందులో ఆలోచించడానికేముంది? రోల్ చూడండి. గొడ్డలి తిప్పేటప్పుడు ఆ ప్లేయర్‌ని లేచి తిప్పి చూపించమంటున్నామా? తాళం తీసే రోగ్‌కి నిజం తాళం ఇస్తున్నామా? మరి మాట దగ్గరికొచ్చేసరికి ఎందుకు పరీక్ష?

ఇంకోటి. మీ ఫైటర్ కరిష్మాని 8కి దించేసి ఆ పాయింట్లన్నీ బలంలో పోసుకున్నాడు. బార్డ్ కరిష్మా కొనుక్కోవడానికి ఇంకెక్కడో కోసుకున్నాడు. మీరేమో ఒకడి దగ్గర పూర్తి రేటు వసూలు చేసి, రెండోవాడికి అదే సరుకు ఊరికే ఇచ్చేశారు. మెసేజ్ పెట్టాడంటే పెట్టడా మరి.

గుహలో_దీపం
ఈ గొడవ ఆటంత పాతది. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటిసారి వచ్చినప్పుడు పర్సుయేషన్ అనే స్కిల్లే లేదు. కరిష్మా ఉండేది. కిరాయికి ఎంతమందిని పెట్టుకోవచ్చు, వాళ్లు ఎంత నమ్మకంగా ఉంటారు, ప్రధానంగా అందుకు. ఎదురుపడ్డవాడు ఏ మూడ్‌లో ఉన్నాడో రెండు ఆరు ముఖాల పాచికలు చెప్పేవి. మిగతాదంతా నోటిమాటే.

1981 బేసిక్ సెట్‌లో ఉన్న పట్టిక నేను ఇప్పటికీ వాడతా. 2 పడితే చూడగానే దాడి. 3 నుంచి 5 అయితే శత్రుత్వం, దాడి చేయొచ్చు. 6 నుంచి 8 ఎటూ తేల్చుకోలేని స్థితి. 9 నుంచి 11 అయితే దాడి లేదు, వెళ్లిపోతారు లేదంటే మీరు చెప్పేది వింటారు. 12 పడితే దోస్తీ. గమనించండి, ఈ రోల్ సీన్ మొదట్లో పడుతుంది. కెప్టెన్ ఇవాళ ఏ మూడ్‌లో ఉందో పాచిక చెప్తుంది, ఆ మూడ్‌ని ఏం చేసుకుంటారో మీ ఇష్టం. మాట్లాడ్డం అయిపోయాక రోల్ అడిగితే అప్పటిదాకా పడ్డ శ్రమంతా ఒక్క పాచిక చేతిలో పెట్టినట్టు.

ఇరవై_ముఖాలు
ఆ పట్టికలో 6 నుంచి 8 పడే అవకాశం 36లో 16. అంటే దాదాపు సగం సార్లు "ఏమో చూద్దాం". ఆ "ఏమో"ని తేల్చేది మళ్లీ మాటకారే. సమస్య అక్కడే ఉంది అన్నా, మీరు దాన్ని సీన్ చివర్నుంచి మధ్యకి జరిపారంతే.

గుహలో_దీపం
ఆ "ఏమో"లోనే ఆటంతా ఉంది తమ్ముడూ.

కొత్తపాచిక
నేను ఆడింది మూడు సెషన్లే. చిన్న డౌట్. 24 పడితే కెప్టెన్ ఒప్పుకోవాల్సిందేనా? అలా రూల్ ఉందా?

నీలిమంత్రి
లేదు. నిజానికి ఈ థ్రెడ్‌లో అందరికంటే ముందు అడగాల్సిన ప్రశ్న నువ్వే అడిగావు.

2014 డీఎం గైడ్‌లోనే ఉంది. ఎన్‌పీసీ స్నేహంగా ఉందా, ఉదాసీనంగా ఉందా, శత్రువా అన్నది ముందు తేల్చుకోవాలి. అదే 20 కొట్టినా ముగ్గురి దగ్గర మూడు ఫలితాలు. స్నేహితుడైతే నీ కోసం పెద్ద రిస్కే తీసుకుంటాడు. ఉదాసీనంగా ఉన్నవాడు చిన్న రిస్క్ దాకా వస్తాడు. శత్రువైతే తనకి ఏ నష్టమూ లేని పనే చేస్తాడు. 2024 పుస్తకంలో ఇంకా సూటిగా చెప్పారు. అడిగింది చేయడానికి ఇష్టమే ఉంటే రోల్ అక్కర్లేదు, చస్తే చేయడు అంటే కూడా రోల్ లేదు. తటపటాయిస్తుంటేనే డైస్. డీసీ (కనీసం కొట్టాల్సిన అంకె) 15, ఒకవేళ ఎన్‌పీసీ ఇంటెలిజెన్స్ అంతకంటే ఎక్కువుంటే అదే డీసీ. తప్పితే మళ్లీ అదే తరహాలో అడగడానికి మామూలుగా 24 గంటలు ఆగాలి.

కాబట్టి 24 అంటే "అడిగిందల్లా ఇచ్చెయ్" అని కాదు, ఆ మనిషి ఇవ్వగలిగినదాంట్లో అన్నిటికంటే మంచిది ఇవ్వమని. పూజారి దగ్గరికెళ్లి నీ గుడి నువ్వే తగలబెట్టు అని 30 వేశావనుకో. జోక్ చేస్తున్నావనుకుని నవ్వి భుజం తట్టి పంపిస్తాడు. నీ 30కి దొరికింది ఆ నవ్వు. 5 వేసుంటే కాపలావాళ్లని పిలిచేవాడు.

ఇక తెరవెనుక గారూ, మీ కెప్టెన్ సంగతి. సెషన్‌కి ముందు మూడు విషయాలు చీటీ మీద రాసుకోండి: ఆమెకి ఏం కావాలి, దేనికి జంకుతుంది, ఏది చచ్చినా చేయదు. మూడు లైన్లు చాలు. మీరు చెప్పినదాంట్లో నాకు కనిపిస్తున్నది ఒక్క ఆర్డరే. ఆర్డర్ ఉన్న మనిషి గోడ. గోడతో ఎవరు మాట్లాడతారు? మాటకారి ఒక్కడే మాట్లాడగలడు, వాడికి అవతల ఎవరూ లేకపోయినా ఫర్వాలేదు కాబట్టి.

ఒకటే_పడింది
"వాడికి అవతల ఎవరూ లేకపోయినా ఫర్వాలేదు". నా పెళ్లిచూపుల్లో నా గురించి ఎవరో ఇదే అన్నారు.

రెండుకత్తుల_రాణి
24 పడితే ఒప్పుకోవాల్సిందే అని రూల్ ఉన్న కాలం కూడా ఉంది కొత్తపాచికా. మూడున్నర (3.5) ఎడిషన్‌లో ఒప్పించే స్కిల్, డిప్లొమసీ. శత్రువు, విముఖం, ఉదాసీనం, స్నేహం, సహాయం అని ఐదు మెట్లు, ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకి ఎంత కొట్టాలో పట్టిక. శత్రువుని స్నేహితుడిగా మార్చాలంటే 35. మామూలుగా ఒక నిమిషం మాట్లాడాలి, ఒక్క రౌండ్‌లోనే కావాలంటే 10 తగ్గించుకుని వేయాలి.

నా బార్డ్‌కి డిప్లొమసీ 31 దాకా పెంచా. కష్టమేం కాదు, పక్క స్కిల్స్‌లో ఐదేసి ర్యాంకులు పెడితే రెండేసి చొప్పున కలిసొచ్చేది, పైన మ్యాజిక్ సామాను. డ్రాగన్ మీద పడబోతోంది. 17 పడింది. 17కి 31 కలిపి 10 తీస్తే 38. ఆరు సెకన్లలో డ్రాగన్ మా దోస్త్. డీఎం మూడు వారాలుగా ఆ ఫైట్ తయారు చేసుకున్నాడట. మ్యాప్ గీశాడు, గుహలో పొగ ఎటు వెళ్తుందో బాణాలు కూడా వేసుకున్నాడు. పుస్తకం మూసి, మ్యాప్‌ని మెల్లగా నాలుగు మడతలు పెట్టి బ్యాగులో పెట్టుకున్నాడు. ఎవరం ఏం మాట్లాడలేదు.

గెలిచిన ఫీలింగ్ నాకు పది సెకన్లు కూడా లేదు. అందుకే ఇరవై_ముఖాలుతో పూర్తిగా ఏకీభవించలేను. రోల్ ఒక్కటే చాలంటే చివరికి ఇదే.

ఇరవై_ముఖాలు
అది పట్టిక తప్పు, రోల్ తప్పు కాదు. డ్రాగన్ లెవెల్‌తో సంబంధం లేకుండా డీసీ ఫిక్స్ చేసి కూర్చున్నారు.

సరే, నేను కూడా ఒకటి ఒప్పుకుంటా. మా టేబుల్ దగ్గర అసలు తలనొప్పి వేరే. ఒకడు తప్పగానే మిగతా నలుగురూ "నేనూ ట్రై చేస్తా" అని డైస్ ఎత్తుతారు. లెక్క చూడండి. బోనస్ ఏమీ లేనివాడు డీసీ 15 కొట్టే అవకాశం 30 శాతం. అలాంటివాళ్లు ఐదుగురూ వరసగా వేస్తే ఎవరో ఒకరు కొట్టే అవకాశం 83 శాతం. మీ బార్డ్ ఎక్స్‌పర్టైజ్‌తో, బోనస్ 10 అనుకుంటే, ఒక్కడే వేస్తే 80 శాతం. అంటే మాటలే రాని ఐదుగురు కలిస్తే జీవితమంతా మాటల మీద పెట్టిన బార్డ్‌కంటే మేలు! అందుకే మా దగ్గర ఒక్క విషయానికి ఒక్క రోల్. పక్కవాడు సాయం చేస్తే అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం), అంతే.

కొత్తపాచిక
అమ్మో, మేం ప్రతిసారీ అందరం వేస్తున్నాం.

ఒకటే_పడింది
నేను ఉంటే ఆ 83 కాస్తా 82 అవుతుంది.

నీలిమంత్రి
ఇరవై_ముఖాలు, మీ గొడ్డలి పోలిక దగ్గరికి మళ్లీ వస్తా. గొడ్డలి తిప్పి చూపించమని ఎవరూ అడగరు, నిజమే. కానీ "దాడి చేస్తా" అని డైస్ వేసేస్తే మీరు ఒప్పుకుంటారా? ఎవర్ని కొడుతున్నావ్, ఎక్కడ నిలబడి, ఏ ఆయుధంతో అని అడుగుతాం. అవి చెప్పడానికి కండలు అక్కర్లేదు. మాట దగ్గరా అంతే. బార్డ్‌ని "ఏం చెప్తావ్" అని అడిగితే గొడ్డలి తిప్పి చూపించమన్నట్టే. "దేన్ని పట్టుకుంటావ్" అని అడిగితే ఎవర్ని కొడుతున్నావ్ అని అడిగినట్టు.

భయపెడతావా, జాలి పుట్టిస్తావా, ఏమైనా ఇస్తానంటావా, ఆమె పై అధికారి పేరు వాడతావా? "మా బార్డ్ ఆమె అలసటని పట్టుకుని మాట్లాడతాడు" అని మూడో మనిషి గురించి చెప్పినట్టు ఒక్క ముక్క చెప్తే సరిపోతుంది. డైలాగ్ కావాలంటే అది మీరే కెప్టెన్ వైపు నుంచి చెప్పండి: "ఇంత రాత్రివేళ నా గురించి అడిగింది నువ్వొక్కడివే" అని. అతని మాటలు ఎంత బాగున్నాయో ఆమె స్పందనలో తెలిసిపోతుంది.

గుహలో_దీపం
ఇది బాగుంది, ఇందులో నాకు పేచీ లేదు. ఒక్కటే చేరుస్తా. పట్టుకున్నది సరిగ్గా ఆమె చీటీలో ఉన్న మొదటి లైనే అయితే రోల్ ఎందుకు? ఇచ్చెయ్యండి.

ఇరవై_ముఖాలు
ఇస్తే మళ్లీ ఊహించగలిగినవాడిదే రాజ్యం.

గుహలో_దీపం
ఊహించడానికి కరిష్మా అక్కర్లేదు, చెవులుంటే చాలు. నీ లెక్క ప్రకారం మౌనంగా కూర్చుని వినేవాడికే లాభం.

ఇరవై_ముఖాలు
…సరే, ఇది నేను ఆలోచించలేదు.

రెండుకత్తుల_రాణి
ఇరవై_ముఖాలు ఒప్పుకున్నాడు. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

మా దగ్గర మధ్యేమార్గం: మాట తీరుకి మార్కులు లేవు, మాటలో సరుకుకి ఉన్నాయి. కన్నీళ్లు పెట్టుకుని నటించినా బోనస్ సున్నా. తల గోక్కుంటూ నత్తినత్తిగా "ఆమె కొడుకు గనిలో ఉన్నాడు కదా, మేం వెళ్లేది అటే" అంటే అడ్వాంటేజ్. బోనస్ లేనివాడికి డీసీ 15 మీద అడ్వాంటేజ్ ఇస్తే 30 శాతం కాస్తా 51 అవుతుంది. కాబట్టి తక్కువేం కాదు.

పొగమంచు
వేరే ఆటలవైపు కూడా ఒకసారి చూడండి. అపోకలిప్స్ వరల్డ్‌లో (2010) ఎవరినైనా ఒప్పించాలంటే ముందు నీ చేతిలో పట్టు ఉండాలి. వాళ్లకి కావాల్సిందో, వాళ్లు భయపడేదో ఏదో ఒకటి. అది లేకపోతే డైస్ ముట్టుకోవడానికే లేదు. ఉంటే రెండు ఆరు ముఖాలవి వేస్తావ్. 10 గానీ అంతకు మించి గానీ పడితే నీ మాట మీద చేస్తారు. 7 నుంచి 9 అయితే మాట చాలదు, ఇప్పుడే, ఇక్కడే ఏదైనా చేతిలో పెట్టమంటారు.

ఆ 7–9 నాకు ప్రాణం. నిజజీవితంలో మనం చేసే బేరాలన్నీ ఆ గడిలోవే. ఐదో ఎడిషన్‌లో కూడా వాడుకోవచ్చు. డీసీకి ఒకటి రెండు తక్కువ పడితే "కాదు" అనకుండా "సరే, కానీ…" అనండి.

తెరవెనుక_డీఎం
పొగమంచు, ఇది నోట్ చేసుకున్నా. నాకు తప్పిన రోల్ అంటే మూసిన తలుపే. తర్వాత ఏం చేయాలో తెలీక ప్లేయర్లు అందర్నీ నరికేసి వెళ్తుంటారు.

పొగమంచు
నువ్వు వదిలింది ఆ ఒక్క దారే మరి.

గుర్రంలేని_నైట్
నాలుగో ఎడిషన్ స్కిల్ ఛాలెంజ్ (2008) గురించి ఎవరూ అనట్లేదేంటి? మూడు తప్పులు జరిగేలోపు ఇన్ని సక్సెస్‌లు కొట్టాలి, అందరూ చేయి వేయాలి. ఉద్దేశం మంచిదే. మా పాలడిన్‌కి మాత్రం అథ్లెటిక్స్ ఒక్కటే బాగుండేది. రాణీగారి సభలో బస్కీలు తీశాడు. సక్సెస్ కూడా వచ్చింది.

ఒకటే_పడింది
రాణీగారికి చీటీ మీద మొదటి లైన్ అదేనేమో.

నీలిమంత్రి
😂

పెద్ద సభలకి, విచారణలకి బర్నింగ్ వీల్ అనే ఆటలో డ్యూయల్ ఆఫ్ విట్స్ అని వాదోపవాదాలకే ఒక పద్ధతి ఉంది. గెలిస్తే ఎవరికి ఏం దక్కాలో ముందే బయటికి చెప్పుకుంటారు. గెలిచినవాడు కూడా వాదనలో ఎంత నష్టపోయాడో అంత రాజీ పడాలి. నెలకోసారి వాడితే అద్భుతం. వంతెన కెప్టెన్ మీద వాడితే తెల్లారిపోతుంది, పార్టీ ఎలాగూ దాటేస్తుంది.

కొత్తపాచిక
ఇన్‌సైట్ (ఎదుటివాళ్ల మనసు పసిగట్టే స్కిల్) గురించి కూడా చెప్పండి. మా వాళ్లు ఎన్‌పీసీ "హలో" అన్నా ఇన్‌సైట్ వేస్తున్నారు. "అబద్ధమా నిజమా?" మా డీఎం విసిగిపోతోంది.

రెండుకత్తుల_రాణి
అవును, కాదు అని చెప్పడం మానేయమను. కళ్లకి కనబడేది చెప్పమను. "అబద్ధమాడుతోంది" అంటే ఆట అక్కడితో ఆగిపోతుంది. "నువ్వు గనుల ఊసెత్తిన ప్రతిసారీ ఆమె చేయి తాళాల గుత్తి మీదకి పోతోంది" అంటే ఆట అక్కడే మొదలవుతుంది. రోల్ తప్పితే కూడా అబద్ధం చెప్పక్కర్లేదు, "ముఖంలో ఏమీ తెలీట్లేదు" చాలు.

గుర్రంలేని_నైట్
డీఎం గొంతులు మార్చాలా వద్దా? నావన్నీ చివరికి ఒకే ముసలి మరుగుజ్జు గొంతులోకి వచ్చేస్తాయి. పిల్లలతో సహా.

నీలిమంత్రి
అక్కర్లేదు. ఒక్క పని ఇవ్వండి. ఒకావిడ మాట్లాడుతూ దారం చుడుతుంటుంది, ఒకాయన ప్రశ్నకి ప్రశ్నే జవాబిస్తాడు. గొంతు మర్చిపోతారు, దారం గుర్తుంటుంది. ఇంకో ముఖ్యమైన సలహా, ఇద్దరు ఎన్‌పీసీల్ని ఒకరితో ఒకరు మాట్లాడించొద్దు.

తెరవెనుక_డీఎం
డ్యూక్, ఆయన మంత్రి. ఆరు నిమిషాలు. నాలో నేనే పోట్లాడుకున్నా. ఒక ప్లేయర్ ఫోన్ తీశాడు, ఇంకొకడు డైస్‌తో గోపురం కట్టాడు.

ఒకటే_పడింది
ఎవరు గెలిచారు, డ్యూకా మంత్రా?

గొడ్డలిమాట
ఈ థ్రెడ్ లింక్ మా గ్రూప్‌లో పడింది. కరిష్మా 8 ఫైటర్ నేనే.

"ఊరికే ఇచ్చేశారు" అన్నది చదివాక కాస్త గుచ్చుకుంది, అబద్ధం ఎందుకు. నా వైపు కూడా వినండి. నాకు టేబుల్ దగ్గర నిశ్శబ్దం పడదు. ఐదు సెకన్లు దాటితే ఊపిరాడదు, ఏదో ఒకటి అనేస్తా. ఆ రోజు జరిగింది నాకు బాగా గుర్తుంది. నువ్వు "ఏం చెప్పి ఒప్పిస్తావ్" అని వాణ్ణి అడిగావ్. వాడు షీట్ వైపు చూశాడు. అప్పుడు నువ్వు నా వైపు చూశావ్.

తెరవెనుక_డీఎం
నేనా?

గొడ్డలిమాట
నువ్వే. ప్రతిసారీ చూస్తావ్. సీన్ ఆగిపోతుందని నీకు భయం వేసినప్పుడల్లా నా వైపు తిరుగుతావ్. నేనేమో పిలిచారనుకుని లేస్తా.

నీలిమంత్రి
ఇన్ని ఎడిషన్లు తవ్వాం, ఈ ముక్క మనలో ఒక్కరికీ తట్టలేదు. నాకూ ఈ అలవాటుందని ఇప్పుడే అనుమానం వస్తోంది.

గుహలో_దీపం
పాతికేళ్ల క్రితం నాకు ఒకాయన డీఎంగా ఉండేవాడు. మౌనంగా ఉండేవాళ్ల వంతు వచ్చినప్పుడు లేచి నీళ్ల గ్లాసు నింపుకునేవాడు, మెల్లగా. బద్ధకం అనుకునేవాణ్ణి. ఇప్పుడు అర్థమైంది.

ఇరవై_ముఖాలు
గొడ్డలిమాట, గుచ్చుకుంటే సారీ. లెక్క లెక్కే గానీ, తప్పు నీది కాదు.

గొడ్డలిమాట
ఫర్వాలేదు బ్రో. నాకు ఒక్కటి చెప్పండి. నోరు మూసుకుని కూర్చోమంటే నేను ఆడలేను. ఏం చేయమంటారు?

రెండుకత్తుల_రాణి
నోరు మూసుకోవడం ఎందుకు? నీ షీట్ మీదున్న 8ని ఆడు. వాదన అద్భుతంగా చెప్పు, కానీ చెప్పకూడని మనిషి దగ్గర, చెప్పకూడని టైంలో. నా 7 కరిష్మా బార్బేరియన్ ఒకసారి సంతాప సభలో లేచి చాలా నిజాయితీగా మాట్లాడింది. మేం ఆ పట్నం వదిలి పారిపోయాం. మా వాళ్లు ఇప్పటికీ చెప్పుకునే సీన్ అది. లేదా బార్డ్ వైపు తిరిగి వాణ్ణే అడుగు, నీ క్యారెక్టర్‌గా: "నువ్వు చెప్పు, నేను మాట్లాడితే పాడవుద్ది" అని. మాట నువ్వే మొదలుపెట్టినట్టు ఉంటుంది, బంతి వాడి చేతికి వెళ్తుంది.

పొగమంచు
ఇంటిమిడేషన్ కూడా నీకే వదిలేస్తారు చూడు, ఫైటర్ కాబట్టి. కాస్త జాగ్రత్త. భయపెడితే ఆ రాత్రికి పని అవుతుంది, మర్నాడు ఆ మనిషి తన వాళ్లకి చెప్పుకుంటుంది. డీఎం అది గుర్తుపెట్టుకోవాలి.

కొత్తపాచిక
ప్లేయర్లు ఒకరి మీద ఒకరు పర్సుయేషన్ వేయొచ్చా? మా రోగ్ నా దగ్గర ఉంగరం లాక్కోడానికి వేశాడు.

నీలిమంత్రి
వద్దు. నీ క్యారెక్టర్ ఏం నమ్ముతుందో నువ్వే చెప్పాలి.

గుహలో_దీపం
ఉంగరం వెనక్కి తీసుకో ముందు.

తెరవెనుక_డీఎం
మూడు వారాల తర్వాత రిపోర్ట్. సారీ, మధ్యలో ఒక సెషన్ క్యాన్సిలైంది.

పార్టీ అదే వంతెన మీదుగా తిరిగి రావాల్సి వచ్చింది. ఈసారి చీటీ రాసుకున్నా. కెప్టెన్‌కి కావాల్సింది తన మనుషులు తెల్లారేదాకా ప్రాణాలతో ఉండటం. జంకేది పై అధికారి నుంచి ఇంకో కాగితం వస్తుందేమోనని. చచ్చినా చేయనిది, కాపలా వదిలి వెళ్లడం.

బార్డ్‌ని "దేన్ని పట్టుకుంటావ్?" అని అడిగి నీళ్ల గ్లాసు అందుకున్నా (గుహలో_దీపం అన్నకి థ్యాంక్స్). ఎవరి వైపూ చూడలేదు. అర నిమిషం పట్టిందేమో, నాకు గంటలా అనిపించింది. ఫైటర్ తన డైస్ సంచీ పళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు, నిజంగా.

బార్డ్ మెల్లగా అన్నాడు: "పోయినసారి మనం దాటినప్పుడూ ఈమే నిలబడుంది. ఇప్పుడూ ఈమే. మార్చడానికి ఎవరూ రావట్లేదు. అది అడుగుతా."

నేనెప్పుడో యథాలాపంగా అన్న ముక్క అది, నాకే గుర్తు లేదు. చీటీ మీద కూడా లేదు, కానీ మొదటి లైన్‌కి సూటిగా తగిలింది. అడ్వాంటేజ్ ఇచ్చా. డీసీ 15. రెండు డైస్: 3, 4. బోనస్ 10. మొత్తం 14.

ఒకటే_పడింది
నా డైస్ ఎవరో దొంగిలించారు.

ఇరవై_ముఖాలు
5 కంటే తక్కువ రెండుసార్లూ పడాలి. 4 శాతం అవకాశం. బంగారం లాంటి అబ్బాయికి ఇదేం ఖర్మ.

గుహలో_దీపం
నేను రోల్ వద్దన్నది ఇందుకే.

తెరవెనుక_డీఎం
మూడు వారాల కిందటైతే తలుపు మూసేసేవాణ్ణి. ఈసారి "సరే, కానీ…" అన్నా. కెప్టెన్ బార్డ్‌ని పక్కకి తీసుకెళ్లి మాట్లాడింది. ఆమె మనుషుల్లో ఇద్దరు జ్వరంతో పడున్నారు, పై వాళ్లకి మూడు ఉత్తరాలు రాసినా జవాబు లేదు. బార్డ్ ఒక్కో ప్రశ్నే అడుగుతూ పోయాడు. పెద్ద మాటలేం లేవు. "వాళ్ల పేర్లేంటి?" అన్నాడు ఒకచోట. నేను అప్పటికప్పుడు పేర్లు పెట్టా. రాసుకున్నాడు.

చివరికి నలుగురిని దాటనిచ్చింది. ఐదోవాడు తెల్లారేదాకా జ్వరం వచ్చినవాళ్ల బదులు కాపలా కాయాలి. ఎవర్ని ఉంచుకుంటావు అంటే ఫైటర్ వైపు వేలు చూపించింది.

గొడ్డలిమాట
రాత్రంతా వంతెన మీద ఆమె పక్కన నిలబడ్డా. గంటకోసారి నా చనిపోయిన తమ్ముడి గురించి అడుగుతోంది. పాపం చాలా మర్యాదగా. పోయినసారి నేను చెప్పిన పేరు ఆమెకి గుర్తుంది. నాకు లేదు.

పొగమంచు
వచ్చే సెషన్‌లో డిసెప్షన్ (అబద్ధమాడే స్కిల్) వేయిస్తున్నారా?

తెరవెనుక_డీఎం
రోల్ లేదు. పేరు చెప్పాలి.

గొడ్డలిమాట
అన్యాయం! ఎవరైనా నోట్స్ రాసుకున్నారా ఆ రోజు?

మాట్లాడని_బార్డ్
నా దగ్గర ఉంది. ఏమిస్తావ్?